సోమవారం తమ్ముడికి కీమో మొదలు. వీర్యం భద్రపరచడం గురించి వాడితో ఎలా మాట్లాడాలి?

నిద్రపట్టని అక్క (గురువారం రాత్రి)

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 19 ఏళ్లు. మెడ పక్కన గడ్డ కనిపిస్తే బయాప్సీ చేయించాం. హాడ్కిన్ లింఫోమా, అంటే లింఫు గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్ అని తేలింది, రెండో దశ. సోమవారం నుంచి కీమో. ఏబీవీడీ అనే నాలుగు మందుల కలయిక ఇస్తామన్నారు. నయమయ్యే అవకాశం చాలా ఎక్కువని డాక్టరు గారు చెప్పగానే మా అమ్మ కుర్చీలో కూర్చునే ఏడ్చేసింది. ఇంటిల్లిపాదీ ఆ ఒక్క మాట పట్టుకుని ఉన్నాం.

మేం లేవబోతుండగా ఆయన ఇంకో మాట అన్నారు. "కీమో వల్ల ముందు ముందు పిల్లలు పుట్టే అవకాశం తగ్గవచ్చు. ముందే వీర్యం భద్రపరచుకుంటే మంచిది. ఆలోచించుకుని చెప్పండి." గదిలో అమ్మ, నాన్న, నేను, ఒక నర్సు ఉన్నాం. తమ్ముడు నేల చూపులు చూస్తూ "అవసరం లేదండీ" అన్నాడు. నాన్న వెంటనే "ముందు వాణ్ని బతకనివ్వండి, అవన్నీ తర్వాత చూసుకుందాం" అన్నారు. నిమిషం కూడా పట్టలేదు. ఆ మాట అక్కడే ముగిసిపోయింది.

ఇంటికి వచ్చి చదివితే తెలిసింది, ఈ విషయంలో తర్వాత అనేది లేదని. మందు ఒకసారి ఎక్కాక తీసిన వీర్యాన్ని భద్రపరచడం మంచిది కాదట. అంటే మాకు మిగిలింది మూడు రోజులు.

నేను అక్కను. ఈ మాట నేను ఎత్తవచ్చా? వాడు వద్దన్నాడు కదా, ఆ మాటకు విలువ ఇవ్వాలా? వాడు నిజంగానే వద్దనుకున్నాడో, అందరి ముందు సిగ్గుపడి అన్నాడో నాకు అర్థం కావడం లేదు. వాడికింకా కాలేజీ, స్నేహితులు తప్ప వేరే లోకం లేదు. పట్టుబడితే జబ్బుతో పాటు నేనూ ఒక బరువు పెట్టినట్టు అవుతుందేమోనని భయం. దీని కోసం చికిత్స వెనక్కి జరుగుతుందేమోనని ఇంకో భయం. ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

---

పెద్దవాడి నాన్న (గురువారం రాత్రి)

అమ్మా, మొదట ఒక పని చేయండి. ఈ రాత్రే డాక్టరు గారికి సందేశం పెట్టండి. "మేం ఇంకా నిర్ణయించుకోలేదు, రేపు ఉదయం తమ్ముడితో ఒంటరిగా మాట్లాడండి" అని రాయండి చాలు. మిగతాది రేపు పొద్దున చూసుకోవచ్చు. శుక్రవారం గడిచిపోతే శని, ఆదివారాల్లో ల్యాబు వాళ్లు దొరకడం కష్టం.

మా పెద్దవాడికి 14 ఏళ్లప్పుడు తొడ ఎముకలో ఈవింగ్ సార్కోమా అనే క్యాన్సర్ వచ్చింది. ఇంత చిన్నవాడికి ఇది వర్తించదని నేనూ అనుకున్నాను. వయసు కాదు, శరీరం ఎంత ఎదిగిందన్నది ముఖ్యమని డాక్టరు చెప్పారు. 13, 14 ఏళ్ల పిల్లల్లో కూడా చాలామందికి వీర్యకణాలు ఉంటాయట. మావాడితో మాట్లాడింది నేను కాదు, వార్డులో పనిచేసే ఒక మగ నర్సు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. మొదటి రోజు వాడివల్ల కాలేదు. బయటికి వచ్చి నా ముఖం చూడలేదు. పరీక్ష తప్పిన పిల్లవాడిలా నిలబడ్డాడు. రెండో రోజు కుదిరింది.

ఆ మొదటి రోజు గురించే మీకు చెబుతున్నాను. కుదరకపోవచ్చు, అది నీ తప్పు కాదు అని వాడికి ముందే ఎవరైనా చెప్పాలి. మావాడికి ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

---

పద్నాలుగేళ్ల తర్వాత (గురువారం అర్ధరాత్రి దాటాక)

మీ తమ్ముడు అన్న మాటే నేనూ 20 ఏళ్ల వయసులో అన్నాను. అదే జబ్బు, అవే నాలుగు మందులు, దాదాపు అలాంటి గదే. ఇప్పుడు నాకు 34. ఆ రోజు నా లోపల ఏం జరిగిందో చెబుతాను. మీ తమ్ముడి లోపల కూడా అదే జరిగిందని అనడం లేదు, కానీ జరిగి ఉండవచ్చు.

డాక్టరు సంతానం గురించి అడిగారు. నాకు వినిపించింది సంతానం గురించిన ప్రశ్న కాదు, అమ్మ ముందు హస్తప్రయోగం గురించిన ప్రశ్న. ఆ మాట ఇంకొక్క వాక్యం ముందుకు సాగకూడదు, అంతే నా తాపత్రయం. "వద్దు" అంటే ఆగిపోతుంది కాబట్టి వద్దన్నాను. అందరూ దాన్ని నా నిర్ణయం అనుకున్నారు. ఫైలులో కూడా "రోగి నిరాకరించారు" అని రాశారు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ పాత కాగితం చేతికి వచ్చినప్పుడు ఆ రెండు పదాలను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. మీ తమ్ముడి "అవసరం లేదండీ"ని ఇంకా నిర్ణయంగా లెక్కపెట్టకండి. విషయమంతా తెలుసుకుని, తల్లిదండ్రులు లేని చోట ప్రశ్నలు అడిగి, ఒక రాత్రి నిద్రపోయి లేచాక కూడా వద్దంటే అది నిర్ణయం. అలా అంటే దానికి తప్పకుండా తలవంచండి, ఇంకోసారి అడగకండి.

రెండోది, ప్రశ్నను మార్చండి. "నీకు పిల్లలు కావాలా?" అని అడగకండి, ఎవరినీ అడగనివ్వకండి. 19 ఏళ్లవాడి దగ్గర దానికి జవాబు ఉండదు. లేనందుకు తప్పు పట్టాల్సిన పనీ లేదు. చావు గురించి ఆలోచిస్తున్నవాణ్ని బిడ్డ గురించి అడిగితే "వద్దు" అనే వస్తుంది. అడగవలసింది ఇలా: "ముప్పై ఏళ్లు వచ్చాక నువ్వేమనుకుంటావో ఇవాళ నీకూ తెలియదు, మాకూ తెలియదు. అప్పుడు తేల్చుకునే వీలు మిగుల్చుకుందామా?" దీనికి మాత్రం ఎవరైనా జవాబు చెప్పగలరు. నాలుగేళ్లుగా వార్డుకు వెళ్లి ఈ వయసు పిల్లలతో మాట్లాడుతున్నాను. మొదటి ప్రశ్నకు తల దించుకున్నవాళ్లు రెండో ప్రశ్నకు తల ఎత్తి "అంటే ఏం చేయాలి?" అని అడగడం చాలాసార్లు చూశాను.

మూడోది చాలా ముఖ్యం. ఏబీవీడీతో ప్రమాదం తక్కువ, చాలామందికి ఒకటి రెండేళ్లలో వీర్యకణాలు తిరిగి వస్తాయి అని మీకు చెబుతారు. నాకూ చెప్పారు. అది నిజమే. కానీ ఆ నాలుగు మందులతోనే చికిత్స పూర్తయ్యేవాళ్ల సంగతి అది. రెండు సైకిళ్లు, అంటే దాదాపు రెండు నెలల మందు అయ్యాక, జబ్బు ఎంత మిగిలిందో చూసే పెట్ స్కాన్ తీస్తారు. జబ్బు అనుకున్నంత కరగకపోతే బీకాప్ లాంటి గట్టి కలయికకు మార్చవచ్చు. పాత బీకాప్‌లో సైక్లోఫాస్ఫమైడ్, ప్రొకార్బజిన్ రెండూ ఉంటాయి. అవి వీర్యకణాలను కాదు, వాటిని పుట్టించే మూలాన్నే దెబ్బతీసే మందులు. మార్చాలని తేలేసరికి కీమో ఒంట్లోకి వెళ్లి రెండు నెలలు అయి ఉంటుంది, అప్పుడిక భద్రపరచడానికి సమయం మించిపోయినట్టే. మొదటి మందు మెత్తనిది కదా అని నమ్మి ఆగిపోయినవాళ్లలో నేనొకణ్ని. నాకు ఏబీవీడీ ముగిసిన 14 నెలలకు జబ్బు తిరగబెట్టింది. ఐఫాస్ఫమైడ్ అనే ఇంకో కీమో మందు ఇచ్చారు, తర్వాత ఎక్కువ మోతాదులో మెల్ఫలాన్, ఆపైన రక్తాన్ని పుట్టించే నా మూలకణాలనే తీసి నాకు తిరిగి ఎక్కించారు. ప్రాణం దక్కింది. ఆ రెండో విడతకు ముందు ఒక్కసారి వీర్యపరీక్ష చేయించి ఉంటే అప్పటికి కణాలు తిరిగి వచ్చి ఉండేవేమో. ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు.

పెళ్లయ్యాక పరీక్ష చేయించుకున్నాను. కణాలు కనిపించలేదని రిపోర్టు. ఆరు నెలలు ఆగి మళ్లీ చేయించాను, అదే మాట. వృషణంలోపలే మైక్రోస్కోపుతో వెతికే ఆపరేషన్ ఉంది. కీమో తర్వాత కూడా కొందరికి అక్కడొకటి ఇక్కడొకటి కణాలు దొరుకుతాయి. నాకు దొరకలేదు. మెలకువ వచ్చాక మా ఆవిడ ముఖం చూసి తెలుసుకున్నాను, ఆమె ఏమీ చెప్పలేదు.

ఇది ఏడుపు కథగా చదవకండి. మాకు నాలుగేళ్ల పాప ఉంది, దత్తత తీసుకున్నాం. ఇప్పుడే తనను నిద్రపుచ్చి వచ్చి ఇది రాస్తున్నాను. తనను కాకుండా ఇంకొకరిని మా ఇంట్లో ఊహించలేను. నాకు పిల్లలు లేరన్న బాధ లేదు. ఆ రోజు ఆ నిర్ణయం నేను తీసుకోలేదు, నా సిగ్గు తీసుకుంది. నాకు మిగిలిన బాధ అదొక్కటే.

ఇక మీరు ఎత్తవచ్చా అంటారా? ఎత్తండి. వివరాల్లోకి మాత్రం మీరు వెళ్లకండి. "రేపు డాక్టరు నీ ఒక్కడితోనే పది నిమిషాలు మాట్లాడతారు. నేను బయట కూర్చుంటాను. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పక్కర్లేదు" అనండి. అక్క నోటి నుంచి వాడు వినగలిగింది అంతే. ఆ చివరి వాక్యం మాత్రం మరిచిపోవద్దు.

నాన్నగారి కోసం కూడా ఒక మాట. ఆయన కోపం భయమే. "డాక్టరు ఈ మాట ఎత్తారంటే వాడికి ముందు ఎంతో జీవితం ఉందని నమ్ముతున్నారు నాన్నా" అని చెప్పి చూడండి. మా నాన్నకు ఈ మాట ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే ఆయనే నన్ను ల్యాబుకు తీసుకెళ్లేవారు.

ఇంకొకటి. మీ తమ్ముడు ఎవరినీ అడగని ప్రశ్న ఒకటి ఉంటుంది: "నేనిక మగవాడిగా పనికిరానా?" నన్ను ఆ ప్రశ్న రెండేళ్లు తినేసింది. వీర్యకణాలను తయారుచేసే కణాలు వేరు, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ను తయారుచేసే లీడిగ్ కణాలు వేరు. మొదటివి ఎప్పుడూ విభజన చెందుతూనే ఉంటాయి కాబట్టి కీమోకు తేలిగ్గా దొరికిపోతాయి. రెండోవి చాలావరకు తట్టుకుంటాయి. గడ్డం, గొంతు, కోరిక, దాంపత్యం ఇవన్నీ రెండోవాటి మీద ఆధారపడి ఉంటాయి. వాడు అడగకపోయినా ఈ సంగతి చెప్పమని డాక్టరు గారిని కోరండి.

---

ల్యాబులో పన్నెండేళ్లు (శుక్రవారం ఉదయం)

నేను వీర్యం భద్రపరిచే ల్యాబులో పనిచేస్తాను. పై ఆయన రాసింది చదివి, డ్యూటీ ఎక్కేముందు ఇది రాస్తున్నాను. భయాలు చాలావరకు ఆ గదిలో ఏం జరుగుతుందో తెలియకపోవడం వల్లనే వస్తాయి. అందుకే మొదటి నుంచి చెబుతాను.

ముందు రక్తపరీక్షలు: హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్. నిల్వ చేసే ట్యాంకులో ఒకరి నుంచి ఇంకొకరికి ఏదీ అంటకుండా ఈ జాగ్రత్త. ఈ పేర్లు చూసి పిల్లలు అనుమానిస్తున్నారేమో అనుకుంటారు. అందరికీ చేసేవే అని ముందే చెప్పండి.

తర్వాత ఒక గది, లోపలి నుంచి గడియ, మూత ఉన్న శుభ్రమైన డబ్బా. బయట ఎవరూ గడియారం పట్టుకుని నిలబడరు. నూనె, క్రీము, ఉమ్మి వాడకూడదు, అవి కణాలను దెబ్బతీస్తాయి. మొదట వచ్చే భాగంలోనే ఎక్కువ కణాలుంటాయి కాబట్టి అది కింద పడితే దాచుకోకుండా చెప్పాలి, తిట్టేవాళ్లెవరూ లేరు. ఆసుపత్రి గదిలో వల్ల కాకపోతే కొన్ని ల్యాబులు ఇంటి దగ్గర సేకరించి తేవడానికి ఒప్పుకుంటాయి. అప్పుడు గంటలోపు అందాలి, డబ్బాను చల్లటి చోట పెట్టకుండా ఒంటికి ఆనించుకుని తేవాలి.

మామూలుగా రెండు నుంచి ఐదు రోజులు విరామం ఉండాలంటాం. మీకు అంత వ్యవధి లేదు. ఇలాంటప్పుడు 24 గంటల తేడాతో రెండో శాంపిల్ తీసుకుంటాం. సోమవారం లోపు రెండు శాంపిళ్లు ఇవ్వడం పూర్తిగా సాధ్యం, చికిత్స ఒక్క రోజు కూడా వెనక్కి జరగదు. ఆదివారం పని చేస్తారా అని ల్యాబుకు ఇప్పుడే ఫోన్ చేయండి. కీమో రోగి అని చెబితే తలుపు తెరిచేవాళ్లు మాలో చాలామందే ఉన్నారు.

రిపోర్టులో కణాల సంఖ్య తక్కువ వస్తే కంగారు పడకండి. హాడ్కిన్‌లో కీమోకు ముందే తగ్గి ఉండటం మామూలు. ఒక కణం తయారవడానికి దాదాపు 74 రోజులు పడుతుంది. అందువల్ల గత రెండు మూడు నెలల్లో వచ్చిన జ్వరాలు, తగ్గిన బరువు అన్నీ ఇవాళ్టి శాంపిల్‌లో కనిపిస్తాయి. అంత తక్కువైతే ఎందుకు దాచడం అని వెనక్కి వెళ్లిపోయిన కుటుంబాలను చూశాను. నాకు చాలా బాధ కలిగించే విషయం అదే. 1992లో ఇక్సీ పద్ధతి వచ్చాక ఒక అండానికి బతికున్న కణం ఒక్కటి ఉంటే చాలు, సన్నటి గాజు సూదితో నేరుగా లోపలికి పంపుతారు. గడ్డకట్టించి కరిగించేటప్పుడు దాదాపు సగం కణాలు పోతాయి. పోగా మిగిలినవే పని చేస్తాయి.

శాంపిల్‌ను గ్లిసరాల్ ఉన్న ద్రవంతో కలిపి చిన్న సీసాల్లో పోసి, నెమ్మదిగా చల్లబరచి ద్రవ నత్రజనిలో ఉంచుతాం. మైనస్ 196 డిగ్రీలు. అక్కడ కణానికి కాలం గడవదు. గడ్డకట్టించిన వీర్యంతో మొదటి గర్భాలు 1953 నాటివి. 17 ఏళ్ల వయసులో వృషణ క్యాన్సర్ చికిత్సకు ముందు ఒకతను దాచుకున్న వీర్యంతో 21 ఏళ్ల తర్వాత బిడ్డ పుట్టిన సంగతి 2004లో వైద్య పత్రికలో వచ్చింది. మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకు నేను సైకిల్ పందేల లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతి చెబుతాను. 1996లో 25 ఏళ్లకు వృషణ క్యాన్సర్ వచ్చింది. కీమోకు ముందు దాచిన వీర్యంతో ముగ్గురు పిల్లలు పుట్టారు, ఆ తర్వాత చాలా ఏళ్లకు సహజంగానే ఇంకో ఇద్దరు. దాచుకోవడమంటే సహజంగా పుట్టరని ఒప్పుకోవడం కాదని వాళ్లకు అప్పుడు తెలుస్తుంది.

ఎంత ప్రయత్నించినా శాంపిల్ రాకపోతే దారులు మూసుకుపోలేదు. వైబ్రేటరు సాయం, మత్తు ఇచ్చి చేసే విద్యుత్ ప్రేరణ, వృషణం నుంచి చిన్న ముక్క తీయడం ఉన్నాయి. కీమో ఎక్కించడానికి ఛాతీలో పోర్టు అనే చిన్న పరికరం పెడుతుంటే అదే మత్తులో ఈ పని కూడా చేయగలరేమో అడగండి.

అంగీకార పత్రం గురించి హెచ్చరిస్తాను. అందులో "మీరు మరణిస్తే దీన్ని ఏం చేయాలి?" అని ఒక ప్రశ్న ఉంటుంది. సంతకం పెట్టే చేతులు అక్కడ ఆగిపోవడం రోజూ చూస్తాను. ఇంట్లోవాళ్లు ముందు అది చూసి దాచేయాలనుకుంటారు. దాచకండి. ఆ గడి నింపవలసింది అతనే, 19 ఏళ్లంటే ఆ హక్కు అతనిదే.

సంవత్సరాలు గడిచాక ఫోన్ నంబరు మారితే ల్యాబుకు తప్పక చెప్పండి. నిల్వను పొడిగించాలో వద్దో అడగడానికి ఫోన్ చేస్తే పలకని నంబర్లు మా దగ్గర ఎన్నో ఉన్నాయి.

దాచుకున్నవాళ్లలో వాడుకోవడానికి తిరిగి వచ్చేవాళ్లు పదిమందిలో ఒకరు కూడా ఉండరు. కొందరు ఫోన్ చేసి "మాకు పాప పుట్టిందండీ, మామూలుగానే, ఇక ఆ సీసాలు తీసేయండి" అంటారు. ఆ ఫోన్ వచ్చిన రోజు ల్యాబంతా చెప్పుకుంటాం.

కీమో నడుస్తున్నప్పుడు కూడా కొందరిలో కణాలు మిగిలే ఉంటాయి, వాటికి మందు దెబ్బ తగిలి ఉండవచ్చు. చికిత్స జరుగుతున్నంత కాలం, తర్వాత డాక్టరు చెప్పినన్ని నెలలు గర్భం రాకుండా జాగ్రత్త పడాలని కూడా మీ తమ్ముడికి ఎవరైనా చెప్పాలి. 19 ఏళ్లవాడికి ఇది అవసరం లేదని పెద్దలు అనుకోకూడదు.

---

తెలిసే వద్దన్నాను (శుక్రవారం మధ్యాహ్నం)

రెండో వైపు మాట కూడా ఒకటి ఉండాలి కాబట్టి రాస్తున్నాను. నాకు 26 ఏళ్లకు తీవ్రమైన లుకేమియా, అంటే రక్త క్యాన్సర్. ఆ రాత్రే మందు మొదలుపెట్టాలన్నారు. జ్వరం 103, ముక్కు నుంచి రక్తం ఆగడం లేదు. ఒక జూనియర్ డాక్టరు మంచం పక్కన కుర్చీ వేసుకుని ఐదు నిమిషాలు అన్నీ చెప్పారు. విన్నాను, ప్రశ్నలు అడిగాను, వద్దన్నాను. నాలో మిగిలిన కాస్త బలాన్ని దానికి ఖర్చు చేయదలచుకోలేదు. ఆ మాట మీద నాకు ఇవాళ్టికీ పశ్చాత్తాపం లేదు. ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పారు, అందుకే అది నా నిర్ణయంగా మిగిలింది. అక్కగారూ, మీ తమ్ముడు అంతా విన్నాక కూడా వద్దంటే మీ ముఖంలో నిరాశ కనిపించనివ్వకండి. ముందున్న ఆరు నెలలూ వాడికి ఆ ముఖమే కావాలి.

---

నిద్రపట్టని అక్క (ఆదివారం రాత్రి)

మీరందరూ రాసినవి ఒకటికి రెండుసార్లు చదివాను. జరిగింది చెబుతాను.

శుక్రవారం పొద్దున కారులో నాన్నతో ఆ మాట అన్నాను, డాక్టరు గారు అడిగారంటే వాడికి ముందు ఎంతో జీవితం ఉందని నమ్ముతున్నారని. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆసుపత్రి దగ్గర దిగుతూ "ల్యాబు ఎన్నింటికి తెరుస్తారో కనుక్కున్నావా?" అన్నారు.

తమ్ముడితో నేను అన్నది మీరు రాసిన రెండు మూడు వాక్యాలే. ఒక్క క్షణం నా వైపు చూసి "నిజంగా చెప్పక్కర్లేదా?" అన్నాడు. అక్కర్లేదన్నాను. పది నిమిషాలనుకున్నది నలభై నిమిషాలు పట్టింది. బయటికి వచ్చి వాడంతట వాడే ఒక్కటి చెప్పాడు: "నా జబ్బు పిల్లలకు వస్తుందేమో అనుకున్నానక్కా, అందుకే వద్దన్నాను." అంటే సిగ్గు ఒక్కటే కాదు. అది నాకు తట్టనే లేదు. హాడ్కిన్ అలా తండ్రి నుంచి బిడ్డకు నేరుగా వచ్చే రకం కాదని, రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ లాంటి కొన్నింటిలోనే ఆ ప్రశ్న గట్టిగా వస్తుందని డాక్టరు గారు చెప్పారట. మిగతా ముప్పై తొమ్మిది నిమిషాల సంగతి నేను అడగలేదు.

రక్తపరీక్షలు ఆ రోజే అయ్యాయి. శనివారం మొదటి ప్రయత్నం కుదరలేదు. కుదరకపోవచ్చని డాక్టరు గారితో ముందే చెప్పించాను (పెద్దవాడి నాన్నగారికి నమస్కారాలు). వాడు మరీ కుంగిపోలేదు. బయట కాసేపు నడిచి వచ్చి మధ్యాహ్నం మళ్లీ వెళ్లాడు. ఈసారి వచ్చింది. సంఖ్య తక్కువే. "ఇంత చాలు" అని ల్యాబు ఆవిడ చెప్పారట, మీరు రాసినట్టే. మా కోసం ఇవాళ కూడా ల్యాబు తెరిచారు. రెండో శాంపిల్ ఇచ్చాడు. మొత్తం ఐదు సీసాలు.

అంగీకార పత్రంలో ఆ ప్రశ్న దగ్గర వాడూ ఆగాడు. అమ్మ పక్కనే ఉంది. నేను అమ్మను టీ తాగుదాం రమ్మని బయటికి తీసుకెళ్లాను. తిరిగి వచ్చేసరికి కాగితం మడిచి కవరులో పెట్టేశాడు. ఏం రాశాడో మాకు తెలియదు. కింద ఫోన్ నంబరు ఇవ్వాల్సిన చోట మాత్రం తనదీ, రెండో నంబరుగా నాదీ రాశానని చెప్పాడు. "నంబరు మారిస్తే వాళ్లకు చెప్పాలట, మరిచిపోకు" అన్నాడు.

రేపు పొద్దున ఎనిమిదింటికి మొదటి డ్రిప్. వాడు పడుకున్నాడు. నేనూ వెళ్తాను.